ఆవిడ తిరిగి చూసిందా

ఆ పొద్దున ఆకాశం నీళ్లెక్కువైన సున్నంలా ఉంది. వాన పడేలానూ లేదు, ఎండ కాసేలానూ లేదు. కడియం నర్సరీల్లో అంట్లు కట్టేవాళ్లకి అలాంటి పొద్దు దొరికితే పండగే. కోసిన కొమ్మ వాడదు. నేను మాత్రం ఆ రోజు పనిలోకి వెళ్లలేదు. మా బావ ఐజాక్ రమ్మని కబురు పెట్టాడు.

బావంటే మా అక్క జ్ఞానమ్మ భర్త. అక్క పోయి ఇంకా ఏడాది తిరగలేదు. బావకి షుగరు కళ్లలోకి దిగింది. అక్క ఉండగానే ఒక కన్ను పోయింది. ఇప్పుడు రెండో కంట్లో వెలుతురూ నీడా తప్ప ఇంకేమీ లేవు. రాజమండ్రిలో డాక్టరు, ఆలస్యంగా తీసుకొచ్చారన్నాడు.

నేను వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా చెప్పుల చప్పుడు పోల్చుకుని, "సాల్మనూ, మన రేవు సీరియలు దొరికిందిరా," అన్నాడు.

నేను చెప్పులు విప్పి గోడవారగా పెట్టాను.

"మాట్లాడవేంట్రా? ఆఖరి భాగం కూడా ఉందంట. మన వినీల ఫోన్లో వెతికి పట్టుకుంది. నువ్వు చూసి చెప్పాలి. మీ అక్క చెప్పింది నిజమో కాదో ఇవాళ తేలిపోవాలి."

ఆయనకి కావలసింది అదొక్కటే. అదెందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

అక్కకీ, బావకీ, నాకూ, ముగ్గురికీ దయ్యాల కథలంటే పిచ్చి. టూరింగ్ టాకీసుల్లో నేల మీద కూర్చుని చూసిన నలుపు తెలుపు సినిమాల తర్వాత నాకింకేవీ ఆనలేదు. వాటిలో సగం సినిమా అయ్యేదాకా దయ్యం రాదు. నూతి గిలక దానంతటదే తిరుగుతుంది. ఉయ్యాలబల్ల ఆగినట్టే ఆగి మళ్లీ కదులుతుంది. అంతే. రావలసింది మన గుండెల్లోకి అప్పుడే వచ్చి కూర్చుంటుంది. రంగులొచ్చాక నెత్తురు పారించారు. ఆ నెత్తురు నాకు సోడాబండి మీద షర్బత్తులా కనబడుతుంది. ఇప్పటి వాటిలో అయితే చెవి పక్కన ఒక్కసారిగా మోత పెడతారు, మనం ఎగిరిపడతాం. ఎగిరిపడడం వేరు, భయపడడం వేరు. ఎగిరిపడ్డవాడు వెంటనే నవ్వుతాడు. భయపడ్డవాడు ఇంటికొచ్చాక పెరటి తలుపు రెండోసారి చూసుకుంటాడు.

ఇంకో మాట. పాత దయ్యాలు ఏదో అడగడానికి వచ్చేవి. ఇప్పటివి చంపడానికి వస్తున్నాయి. అడగడానికి వచ్చినదాన్ని చూస్తే భయంతో పాటు జాలి వేస్తుంది. ఆ జాలి లేని దయ్యం సినిమా నాకు పులి సినిమాతో సమానం.

బావ ఇవేవీ ఒప్పుకోడు. "మొహం చూపించకపోతే టిక్కెట్టెందుకురా? నూతి గిలక మనింట్లోనూ ఉంది, పోయి చూసుకో," అనేవాడు.

అక్కకి మా వాదనలు పట్టేవి కావు. పొద్దున గుడికెళ్లి పాటలు పాడి, సాయంత్రం టీవీ ముందు దయ్యం కోసం కూర్చునేది. ఇది తగదమ్మా అని పాస్టరుగారు ఓసారి మందలిస్తే, "నీళ్ల మీద నడిచొచ్చిన ప్రభువుని చూసి శిష్యులు కూడా ముందు భూతమనే అనుకున్నారు కదండీ," అంది. ఆయన కాఫీ తాగి వెళ్లిపోయారు.

టీవీలో ఆదివారం పొద్దుగూకాక వచ్చేది ఆ రేవు సీరియలు. పడవ మునిగి చనిపోయిన ఇల్లాలు ఒకావిడ రేవు మెట్లెక్కి తన ఇంటిదాకా వస్తుంది. గడప దాటదు. మొగుడు తలుపు తీసేలోపు వెనక్కి వెళ్లిపోతుంది. ఏం కావాలో చెప్పదు. వారమంతా ఆవిడ మా ఇంట్లోనే ఉన్నట్టుండేది. ఇప్పుడు అన్ని భాగాలూ ఒక్క పూటలో చూసి లేచిపోతున్నారు. దయ్యానికి మన ఇంట్లో ఉండే తీరికేదీ?

నిజానికి నేనా సీరియలు చూడలేదు, విన్నాను. యాంటెన్నా వెదురుగెడకి కట్టి కిటికీ పక్కన పాతారు. నేను గెడ పట్టుకుంటే బొమ్మ తేటగా వచ్చేది, వదిలితే తెరంతా తెల్లచుక్కల గింజలు పడేవి. నా చేతిలో ఏదో ఉందని అందరం నమ్మాం. అక్క కిటికీలోంచి "వదలకురా తమ్ముడూ, వచ్చింది, వచ్చింది!" అని కేకేసేది. చాన్నాళ్లకి మెకానిక్కు రమేష్ బాబు వచ్చి చూసి పడీ పడీ నవ్వాడు. "వైరు అతుకు వదులైందండి. మీరు పట్టుకుంటే నొక్కుకునేది. గుడ్డముక్క చుట్టినా సరిపోయేదండి," అన్నాడు.

"గుడ్డముక్క చేసే పని మా బావమరిది చేశాడు," అని బావ ఊరంతా చెప్పుకున్నాడు.

చూడకపోయినా వినబట్టి నాకు కొన్ని తెలిశాయి. ఆ సీరియల్లో వచ్చే నాలుగిళ్లకీ ఒకటే తలుపు వాడారు. కిర్రుమనే తీరు మారలేదు. నీళ్ల చప్పుడు మాత్రం తొట్టిలోది కాదు, రేవులో పట్టిందే.

ఆఖరి ఆదివారం గాలి లేచింది. ఆవిడ చివరిసారి మెట్లు దిగుతోందని అక్క లోపల్నుంచి చెబుతూనే ఉంది, గెడ నా చేతుల్లోనే మెలితిరిగిపోయింది. టీవీ నిండా గింజలు. మళ్లీ బొమ్మ వచ్చేసరికి పేర్లు పడుతున్నాయి.

"తిరిగి చూసిందయ్యా," అంది అక్క.

"ఎక్కడే? గింజల్లోనా?" అన్నాడు బావ.

"గింజల్లోంచే చూసింది. నేను చూశాను."

ఇక ఆ ఇంట్లో ఆ మాట పోలేదు. కూరలో ఉప్పు మరిచిపోయినా, తాళంచెవి కనబడకపోయినా బావ ఆవిణ్ణి 'గింజలమ్మా' అని పిలిచేవాడు. అక్క నవ్వేది గానీ మాట మార్చలేదు. ఆసుపత్రిలో ఆఖరి పూట ఏదో మాటల్లో, "నేను చూశానయ్యా. ఒక్కసారన్నా నువ్వు ఒప్పుకోలేదు," అంది. బావ అలవాటు కొద్దీ, "సర్లే గింజలమ్మా, పడుకో," అన్నాడు. పడుకుంది. ఆవిడతో ఆయన అన్న చివరి మాట అదే అయింది.

వినీల ఫోను పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. బావ కూతురు, రావులపాలెంలో టీచరు. తండ్రి కోసం సెలవు పెట్టి వచ్చింది.

"బొమ్మ అంత బాగా లేదు మావయ్యా. ఎవరో పాత క్యాసెట్టులోంచి ఎక్కించినట్టున్నారు."

"మీ మావయ్యకి చాల్లే," అన్నాడు బావ. తర్వాత గొంతు తగ్గించాడు. "సాల్మనూ, మీ అక్క గొంతు నాకు గుర్తుందిరా. మొహమే జారిపోతోంది. పొద్దున లేచి కూడదీసుకుంటే మధ్యాహ్నానికి ఉండట్లేదు. కనీసం ఈ ఒక్కటన్నా తేల్చుకోనీ. అది నిజం చెప్పిందంటే, తప్పు నాదేనని ఒప్పుకుంటాను."

వినీల ఫోను నా మొహం ముందు పెట్టింది. అన్నేళ్లు గెడ పట్టుకుని విన్నదాన్ని, అరచేతిలో పట్టేంత బొమ్మగా మొదటిసారి చూశాను. రేవు మెట్లు. తెల్లచీర. తడిసిన జడ. వెనకనుంచే చూపిస్తున్నాడు. ఒక్కొక్క మెట్టే దిగుతోంది. ఆఖరి మెట్టు మీద ఆగింది. నాకు తెలిసిన నీళ్ల చప్పుడు. ఆగే ఉంది. మెడ దగ్గర కొంచెం కదిలినట్టయింది. నేను ఫోను మీదికి ఇంకాస్త వంగాను.

తిరగలేదు. అలాగే నీళ్లలోకి దిగిపోయింది. పేర్లు పడ్డాయి.

దయ్యాల కథలు ఇన్ని చూసినవాణ్ణి గనక చెబుతున్నాను, అంతకంటే మంచి ముగింపు నేనెక్కడా చూడలేదు. ఇన్నేళ్లూ బావతో నేను వాదించింది సరిగ్గా అదే. తిరిగి చూసుంటే ఆ సీరియలు పదిట్లో ఒకటయ్యేది. దాన్ని తీసినవాడెవడో గానీ, నాలాంటివాడే.

"తిరిగిందా?" అన్నాడు బావ. రెండు చేతులూ మోకాళ్ల మీద బిగబట్టుకుని ఉన్నాడు.

వినీల నా వైపు చూసింది. తనూ చూసింది కదా.

"తిరిగింది బావా," అన్నాను.

వినీల ఫోను మెల్లగా ఒళ్లో పెట్టుకుంది.

"దగ్గరగా చూపించాడా?"

"చూపించాడు."

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే సరిపోద్దేంట్రా? గుడ్డముక్కలాగా ఉండకు. చెప్పు."

నేను మాటల మనిషిని కాను. గోడ వైపు తిరిగి, కనబడింది కనబడినట్టు చెప్పాను.

"నుదురు వెడల్పు. జుట్టు చెవి వెనక్కి దువ్వినా ఒక పాయ ఆగదు, ముందుకొచ్చేస్తుంది. కనుబొమ మీద చిన్న గంటు. చిన్నప్పుడు రోటి మీద పడితే అయిన గంటులాంటిది. అక్కడ వెంట్రుకలు రావు. నవ్వొస్తే ముందు కళ్లు చిన్నవవుతాయి. పెదాలు మూసుకుంటుంది, పన్ను కనబడుతుందని."

బావ తల నా వైపు తిప్పాడు. "పన్ను మీద పన్ను," అన్నాడు.

"ఊఁ."

"ఎడమ వైపు."

"ఎడమ వైపే."

వీధిలో మొక్కల లారీ ఒకటి వెళ్లింది. ఆ చప్పుడు సందు దాటిపోయేదాకా ఆగాడు.

"నవ్విందా?"

"నవ్వబోయింది. అంతలో దిగిపోయింది."

కనపడని కళ్లతో గుమ్మం వైపు చూశాడు. "అయితే నువ్వే గెలిచావే," అన్నాడు. ఆ మాట నాతో కాదు. తర్వాత అరచేత్తో మొహం ఒకసారి పైనుంచి కిందికి తుడుచుకుని, "ఇంక మళ్లీ పెట్టకమ్మా," అన్నాడు కూతురితో.

మరో భాగం గురించి అడగలేదు. ఆ రేవులో ఆవిడ పేరేంటని గానీ, మొగుడు ఏం చేశాడని గానీ అడగలేదు. నేను చెప్పింది ఎవరి మొహమో ఆయనకి తెలుసు. తెలుసని నాకూ తెలుసు.

వినీల లోపలికెళ్లి అన్నం వండింది. శీలావతి చేప పులుసు. మూడు కంచాలు పెట్టి కూర్చుంది. ఆ ఇంట్లో భోజనం ముందు ప్రార్థన ఎప్పుడూ అక్కే చేసేది. ఆ రోజు ఎవరూ పైకి చెయ్యలేదు. తలలు మాత్రం వంచాం.

శీలావతికి సన్నముళ్లెక్కువ. బావ కంచం నా వైపు లాక్కుని, ముక్క విప్పి, ముళ్లన్నీ ఏరి, కంచం మళ్లీ ఆయన ముందుకి జరిపాను. వేళ్లతో ఒకసారి తడిమి చూసుకున్నాడు. ముద్ద కలుపుకున్నాడు.

ముగ్గురం తిన్నాం.