తూర్పు గేటు, తడి పడుగు

గద్వాల చీరలు నేసే చిన్న టౌను మాది. పేరు రాయను. రాస్తే మా చైర్మన్ ముందుగా నా ఆటో స్టాండునే ఎత్తించేస్తాడు.

ఊరి చివర, హైవే పక్కన, హైదరాబాదు కంపెనీ ఒకటి పెద్ద ఆఫీసు క్యాంపస్ కడతానని వచ్చింది. అద్దాల బిల్డింగులు, లోపలే హోటలు, లోపలే జిమ్ము. వేలమంది వచ్చి కూర్చుని పనిచేస్తారట. ఎల్లయ్య అని మా కౌన్సిలర్ ఒకాయన మొదటి మీటింగులోనే లేచాడు.

"కూసోనీకి మా వార్డుల మస్తుమంది ఉన్నరు. ఎన్నడిసందో కూసునే ఉన్నరు. వాళ్లకు గూడ జీతమిస్తరా?"

ఇది మినిట్స్‌లో రాయొద్దని చైర్మన్ గుమస్తాకు చెప్పాడు.

నిజానికి క్యాంపస్ వద్దని ఎవరూ అనలేదు. నేనైతే ఆటోకు కొత్త సీటు కవర్లు కూడా వేయించాను. గొడవంతా గేటు దగ్గర వచ్చింది. తూర్పునే పెట్టాలని చైర్మన్ పట్టుబట్టాడు. వాస్తు అన్నాడు. తూర్పున ఉన్నది నేతపనివాళ్ల మైదానం. మగ్గం ఎక్కించే ముందు పడుగు నూలును, అంటే చీర నిలువు పోగులను, అక్కడే బారుగా సాగదీసి, కర్రల మీద ఆనించి, గంజి పట్టిస్తారు. వీధులన్నీ బైకులతో నిండిపోయాక మిగిలిన ఖాళీ అదొక్కటే. గేటు రోడ్డు కింద అది పోతే మగ్గాలు మూసుకోవలసిందే. ఇంకో సంగతి, ఆ గేటుకు సరిగ్గా ఎదురుగా చైర్మన్ బామ్మర్ది ప్లాట్లు ఉన్నాయి. వాస్తు బామ్మర్దికి బాగా కుదిరింది.

ఓట్లు చెరిసగంగా ఉన్నాయి. తేల్చాల్సింది మా వార్డు కౌన్సిలర్ రేణుకమ్మ. సీటు మహిళలకు రిజర్వు కాబట్టి గెలిచింది ఆమె, మీటింగులో కుర్చీ మీద కూర్చునేది ఆమె భర్త తిరుపతయ్య. సంతకం కావాలంటే కాగితం ఇంటికొస్తుంది, మగ్గం మీద కూర్చునే ఆమె పెట్టేస్తుంది. మా మున్సిపాలిటీలో సగం మంది మహిళా కౌన్సిలర్లకు మీసాలుంటాయి.

చైర్మన్ అనుమానపు మనిషి. ఎటు జారతారోనని అనుమానం ఉన్నవాళ్లందరినీ బీచుపల్లికి తీసుకుపోయి, కృష్ణలో ముంచి, ఆంజనేయస్వామి ముందు తూర్పు గేటుకే చెయ్యెత్తుతామని ప్రమాణం చేయించాడు. తిరుపతయ్య కూడా చేశాడు. ఆయన మీద కోపం పెట్టుకోకండి. కూతురు ప్రియకు ఆ క్యాంపస్‌లో ఉద్యోగం ఖాయమని చైర్మన్ చెప్పి ఉన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే రేణుకమ్మ ఏమీ అనలేదట. అనకపోతే ఒప్పుకున్నట్టే అనుకున్నాడు పాపం. పెళ్లయి ఇన్నేళ్లయినా.

ఓటింగు రోజు ఆయన్ని తీసుకుపోవడానికి నేను ఆటోతో మైదానానికి వెళ్లాను. గంజి పని తెల్లవారగానే అయిపోవాలి. ఆ రోజు రేణుకమ్మ గంజి ఆలస్యంగా కాచింది. నేను పోయేసరికి పడుగు ఇంకా తడి మీద ఉంది. ఇటు ఆయన, అటు ఆమె గంజి పట్టించే పెద్ద కుంచెలు లాగుతున్నారు. ఆరేదాకా కుంచె ఆగకూడదు. ఆగితే పోగులు ఒకదానికొకటి అతుక్కుని పడుగు మొత్తం దండగ.

నన్ను చూడగానే ఆమె తన కుంచెను తోటికోడలు జమ్ములమ్మ చేతికిచ్చి, వచ్చి ఆటోలో కూర్చుంది.

"యాడికి?" అన్నాడు తిరుపతయ్య.

"మీటింగుకు."

"నేను పోత గద. జర ఆగు."

"రా మరి. కుంచె ఇడిసి రా."

ఆయన పడుగు వైపు చూశాడు. ఆటో వైపు చూశాడు. తర్వాత నన్ను పట్టుకోమన్నట్టు కుంచె కొంచెం ముందుకు చాపాడు. నేను పట్టుకుంటే ఏమవుతుందో ఊహించుకున్నాడేమో, మళ్లీ వెనక్కి లాక్కున్నాడు. పుట్టినప్పటి నుంచి చేసిన పని. తడి పడుగును వదిలేసి రావడం ఆయన వల్ల కాలేదు.

"పోనీ రాఘన్నా," అంది రేణుకమ్మ నాతో.

హాల్లో ఆమె కూర్చుంటే చైర్మన్ ఆమె వెనకాల వెతికాడు. తిరుపతయ్య ఏడని అడిగాడు. గంజి పట్టిస్తున్నాడని చెప్పింది. ఆ తర్వాత చైర్మన్ అభివృద్ధి గురించి, ఉద్యోగాల గురించి, చివరికి వాస్తు గురించి చాలాసేపు మాట్లాడాడు. తన పడుగుకు కూడా తూర్పే కావాలంది రేణుకమ్మ. పొద్దుటి ఎండ అక్కడే పడుతుందని, పడమట ఉన్న బండలగుట్ట కంపెనీకి పనికొస్తుంది కానీ నూలుకు పనికిరాదని ఆమె చెప్పింది. చైర్మన్ గొంతు తగ్గించాడు.

"బీచుపల్లిల ప్రమాణమయింది గదమ్మా. దేవునితోని గిట్ల ఆడొద్దు."

"ప్రమాణం చేసింది ఆయన. ఆయన ఈడికి రాలే, చెయ్యెత్తలే. దేవునికి ఏం తప్పిండు? నన్ను మీరు తోల్కపోనే లేదు గదన్నా."

ఓటు పెట్టారు. తూర్పు గేటు వద్దన్నవాళ్లతో ఆమె చెయ్యెత్తింది. తూర్పు గేటు ఓడిపోయింది. ఇక కంపెనీ ఊరొదిలి పోతుందని హాలు వెనక నిలబడ్డ బామ్మర్ది గట్టిగా నిట్టూర్చాడు. మూలన కూర్చున్న కంపెనీ ఇంజనీరు లేచి, తమకు ఏ దిక్కైనా ఒకటేనని, తూర్పు అని తాము ఎన్నడూ అడగలేదని, గుట్ట వైపు కొత్త ప్లాను తెస్తామని చెప్పి కూర్చున్నాడు. ఎల్లయ్య గుమస్తా వైపు తిరిగి, కనీసం ఇదైనా మినిట్స్‌లో రాయమన్నాడు.

మేం మైదానానికి తిరిగి వచ్చేసరికి తిరుపతయ్య ఫోను మోగుతూనే ఉంది. ఆయన చేతుల నిండా గంజి. రేణుకమ్మే ఫోను తీసి ఆయన చెవి దగ్గర పెట్టింది. చైర్మన్ తిట్లు నాకు ఆటో దాకా వినిపించాయి. ప్రియ ఉద్యోగం మర్చిపొమ్మన్నది కూడా వినిపించింది. తిరుపతయ్య అన్నీ విన్నాడు. కుంచె మాత్రం ఆపలేదు.

"పడుగు ఆరలేదన్నా. తర్వాత మాట్లాడ్త," అన్నాడు.

ఆమె జమ్ములమ్మ దగ్గర కుంచె తీసుకుని తన వైపుకు వెళ్లింది. ఇద్దరూ పడుగు చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చారు. అప్పుడు ఆయన తలెత్తకుండానే అడిగాడు.

"అంతమంది ముందల చెయ్యెత్తినప్పుడు వణకలేదా?"

"చెయ్యి మీద గంజి ఎండి కట్టె లెక్క ఉండె. ఏం వణుకుతది?"