ఒక్క వేలు

కూరింగా పోస్టాఫీసు కౌంటరు వెనక ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్నాను. ఎవరింటికి ఏ ఉత్తరం వచ్చిందో, ఎవరి గొర్రెలకు ఏ మందు పార్సిల్లో దిగిందో నాకు తెలుసు. నా సంగతి మాత్రం ఊళ్ళో ఎవరికీ తెలియకూడదని వైను సీసాలు ఇక్కడ ఎన్నడూ కొనలేదు. తొంభై కిలోమీటర్లు కారు నడుపుకుంటూ బెల్‌ప్లెయిన్ వెళ్ళి తెచ్చుకునేదాన్ని. అంత తెలివి నాది.

మానేద్దామనుకున్నప్పుడూ అదే తెలివి పనిచేసింది. పోస్టాఫీసు నోటీసు బోర్డు మీద నేనే అంటించిన, తాగుడు మానాలనుకునేవాళ్ళ మీటింగుల కాగితంలోని నంబరుకు ఇంటినుంచి ఫోను చేశాను. మేవిస్ అనే పెద్దావిడ ఎత్తింది.

"ఏ ఊరమ్మా?"

"కూరింగా."

"ఇంకేం, మీ ఊళ్ళోనే ఉంది మీటింగు. చర్చి వెనక గది, ఆదివారం నాలుగింటికి."

"వేరే ఊళ్ళో లేదా?"

ఆవిడ పకపకా నవ్వింది. "అందరూ ఇదే అడుగుతారు తల్లీ. సరే, మా బెల్‌ప్లెయిన్‌కే రా. అదే రోజు, అదే టైము. బిస్కెట్లు మావే బావుంటాయి."

అలా, తాగడానికి తిరిగిన రోడ్డు మీదే మానడానికీ ఆరు నెలలు తిరిగాను. మేవిస్, నేను, దారిన పోతూ ఆగే ఉన్ని కత్తిరింపు పనివాళ్ళు ఒకరిద్దరు. నా వంతు వచ్చినప్పుడల్లా "నా పేరు నోరీన్, ఇవాళ వింటాను" అనేదాన్ని. నా తాగుడు గురించి ఒక్కసారైనా నోరు విప్పలేదు. ఎవరూ బలవంతపెట్టలేదు.

ఆ రోడ్డులో ఎదురొచ్చిన బండికి స్టీరింగు మీంచి ఒక్క వేలు ఎత్తడం మా మర్యాద. మూడున్నర ప్రాంతంలో, రెక్కలు విరిగిన గాలిమర దగ్గర, ప్రతి ఆదివారం ఒక తెల్ల యూట్, చిన్న ట్రక్కులాంటి బండి, ఎదురయ్యేది. వెనక తొట్టిలో ఎర్ర కుక్క. టోపీ కింద మనిషి మొహం కనిపించేది కాదు. వేలు ఎత్తేవాడు, నేనూ ఎత్తేదాన్ని. నవ్వుకుంటే నవ్వుకోండి, వారం మొత్తంలో స్టాంపులడక్కుండా నన్ను పలకరించేది ఆ వేలొక్కటే. ఇంట్లో నేనొక్కదాన్నే. సోమవారం నుంచే దానికోసం ఎదురుచూసేదాన్ని.

మొన్న మేవిస్ కప్పులు కడుగుతూ చెప్పింది: "వచ్చే వారంనుంచి ఈ తలుపు తీసేవాళ్ళు లేరమ్మా. మోకాలు ఆపరేషను. మా అమ్మాయి తనతో తీసుకుపోతోంది. నువ్వు ఇక మీ ఊళ్ళోదానికే పో."

"అక్కడ అందరూ నాకు తెలుసు మేవిస్."

"తెలిస్తే తెలిశారు. సిగ్గుకి ఎవరూ చావరు. ఇంట్లో ఒక్కదానివే కూర్చుంటేనే నాకు భయం."

ఆదివారం వచ్చింది. భోజనం చేశాను, ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతికాను. మూడు కాగానే కారెక్కాను. అబద్ధం చెప్పను, ఎందుకెక్కానో నాకు తెలుసు. ఆదివారం సాయంత్రం బెల్‌ప్లెయిన్‌లో తెరిచి ఉండేవి రెండే: మేవిస్ గది, వైను షాపు. మేవిస్ గది మూసేశారు.

గాలిమర దగ్గర తెల్ల బండి ఎదురైంది. వేలు లేచింది. నేనూ ఎత్తాను. అద్దంలో ఎర్ర కుక్క చిన్నదైపోతుంటే అప్పుడు తట్టింది నా మట్టి బుర్రకి. ఆదివారం నాలుగింటికి మా ఊళ్ళో పెట్రోలు బంకు కూడా మూసే ఉంటుంది. ఈ మనిషి ప్రతి వారం ఎక్కడికి పోతున్నట్టు?

బండి ఆపాను. షాపు ఇంకా నలభై అయిదు కిలోమీటర్లు. మా ఊరూ అంతే. చాలాసేపే కూర్చున్నాను. తర్వాత కారు వెనక్కి తిప్పాను.

తెల్ల బండి చర్చి ముందే ఉంది. ఎదురుగా రొట్టెల దుకాణంవాడి భార్య వాకిలి ఊడుస్తోంది. నా పసుపు కారు ఊరందరికీ తెలుసు. ఆ బండి పక్కనే పెట్టి దిగాను. ఆవిడ చీపురు ఆగింది.

గదిలో ఆరు కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఒక్క కుర్చీలోనే మనిషి. మోకాలి మీద టోపీ. మీటింగులో చదివే కాగితాన్ని ఖాళీ కుర్చీలకేసి పైకే చదువుతున్నాడు. నన్ను చూసి ఆపేశాడు.

"గాలిమర దగ్గర పసుపు కారు... వెనక్కొచ్చారేంటి? ఏమైనా మర్చిపోయారా?"

"మాది ఈ ఊరేనండీ."

"ఈ ఊరివాళ్ళు ఒక్కరూ రారే ఇక్కడికి!"

"వస్తారు, బెల్‌ప్లెయిన్‌కి. మీరెందుకు వెళ్ళరు అక్కడికి?"

"అక్కడ నేను బడి హెడ్మాస్టర్నండీ." సిగ్గుపడుతూ నవ్వాడు. "నా పేరు లెస్."

"ఎన్నాళ్ళనుంచి ఒక్కరే?"

"రెండేళ్ళు. అంతకుముందు ఒకాయన ఉండేవాడు, పోయాడు. ఎవరైనా వస్తే తాళం వేసి ఉండకూడదు కదా అని..."

నాకు ఏడుపొచ్చింది. రెండేళ్ళుగా ఈయన ఖాళీ కుర్చీలకు చదువుతుంటే, నాలుగు వీధుల అవతల ఉండే నేను ఈయన్ని దాటుకుంటూ పోయాను. ఎదురుగా కూర్చున్నాను.

"నా పేరు నోరీన్," అన్నాను. ఇవాళ వింటాను అనబోయి ఆగాను. ఈయన మాట్లాడింది చాలు.

"ఇవాళ నేను మాట్లాడతాను."

లెస్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. టోపీ మీంచి ఒక్క వేలు ఎత్తాడు.