పెనుకొండలో ఏనుగు మార్పిడి

నాకు కోపం ఎక్కువ. హిందూపురంలో ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే టెక్నీషియన్ని నేను. సూదిని చూడగానే చెయ్యి వెనక్కి లాక్కునే మొనగాళ్లు కూడా నా గొంతు వినగానే బుద్ధిగా చెయ్యి చాపుతారు. పేరు శైలజ, వయసు ముప్పై ఎనిమిది. పెళ్లి మాట ఎత్తడం మా అమ్మ నాగమణి నాలుగేళ్ల కిందటే మానేసింది.

ఇంత కోపమూ ఒక్క చోట మాత్రం వెన్నలా కరిగిపోతుంది. రోము చక్రవర్తుల పెద్ద కంచు నాణేల దగ్గర.

పెద్దవి అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, రోము వెండి నాణెం బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది, అంతే. రాజుగారి ముక్కు చెక్కేసరికే చోటు అయిపోతుంది. బంగారువి మనకెందుకు, అవి చూపించేవాళ్లు ముట్టుకోనివ్వరు కూడా. సెస్టెర్షియస్ అనే ఈ కంచు బిళ్ల సంగతి వేరు. అరచేతి గుంటలో సరిగ్గా కూర్చుంటుంది, రెండు తులాల పైన తూగుతుంది. దాని మీద చక్రవర్తి గడ్డానికి చోటుంది, మెడ కింద కండకి చోటుంది, నిద్ర చాలని కళ్ల కింద ముడతకి కూడా చోటుంది. పద్దెనిమిది వందల ఏళ్ల కిందట ఎవరో దీన్ని ఇచ్చి సంతలో నూనె కొనుక్కుని ఉంటారు అనుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంత ప్రేమకీ నా దగ్గర ఉన్నది ఒకే ఒక్కటి. బెంగళూరు నాణేల ప్రదర్శనలో కొన్నాను. అరిగి అరిగి చక్రవర్తికి ఒక చెవి మాత్రం మిగిలింది. రాత్రిళ్లు ఆ చెవినే చూసుకునేదాన్ని.

అట్లాంటి నాకు మా నాణేల వాట్సాప్ గ్రూపులో ఒక శనివారం మెసేజ్ వచ్చింది. నరసప్ప మామ పెట్టించాడు. ఆయన ఆర్టీసీలో ముప్పై మూడేళ్లు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. బ్యాగులో పడిన పరాయి దేశపు బిళ్లలతో మొదలుపెట్టి, చివరికి ఒక రోము ఏనుగు నాణెం దాకా పోయినవాడు. 'కండ్లు మసకబారినాయి. నా ఏనుగు నాకే కనపడ్లే. కొన్న ధరకే ఇచ్చేస్తా. బాగా చూసేవాళ్లు రండి' అని ఉంది. నాకు ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

ఆదివారం ఏడింటికల్లా హిందూపురంలోనే ఉన్న ఆయన ఇంటికి పోయాను. అప్పటికే ఒక మనిషి కూర్చుని కాఫీ తాగుతున్నాడు. నలభై రెండు, నలభై మూడు ఉంటాయి, చొక్కా జేబు నిండా రంగు పెన్సిళ్లు.

"ఎవురు మీరు?" అన్నాను, నమస్కారం కూడా పెట్టకుండా.

"గిరి అంటారు మేడమ్. ధర్మవరం. పట్టుచీరలకి డిజైన్ గీస్తాండా. ఫస్టు బస్సుకొచ్చినా."

"చీరలు గీసేవాళ్లకి రోముతో ఏం పని?"

"మీరేం చేస్తారు?"

"రక్తం తీస్తా."

"మరి మీకేం పని?" అన్నాడు, చాలా మర్యాదగా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నరసప్ప మామ చెయ్యెత్తి మా ఇద్దరినీ ఆపాడు. "కొట్లాడద్దండప్పా. ఒకరి తర్వాత ఒకరు బిళ్లని చేతిలో పెట్టుకోని చూసింది నాకు చెప్పండి. బాగా చెప్పినోళ్లకిస్తా."

ముందు నేను తీసుకున్నాను. చల్లగా, బరువుగా, అబ్బ! తలవైపు తిప్పాను. "మామా, ఈయప్ప ఆంటొనైనస్ పయస్. పెద్దగా యుద్ధాల జోలికి పోని మనిషి, మొగంలోనే ఆ నిమ్మళం ఉండాది. కిలుము సమంగా పట్టింది మామా. ముదురు మామిడాకు పచ్చ. గడ్డం పాయల సందుల్లో కొంచెం నలుపు దిగింది, దాంతో ఒక్కొక్క పాయా లేచి కనపడతాంది. ఎవురూ చింతపండేసి తోమలేదు, ఆ పుణ్యం నీదే." ఇంత మెత్తగా మాట్లాడినందుకు నాకే సిగ్గేసింది.

తర్వాత గిరి. అతను నాణేన్ని ఏనుగు వైపు తిప్పాడు. "మామా, ఏనుగు కుడిపక్కకి పోతాంది. జనానికి ఆటలు చూపించేదానికి చక్రవర్తి తెప్పించిన ఏనుగు ఇది. పైన ఆయన దాతృత్వం అని రాసినారు. చెక్కినోడు ఏనుగుని దగ్గర్నుంచి చూసినోడే. ముందరి కాలు ఎత్తితే మోకాలు యాడ వంగాలో ఆడే వంగింది. ఒంటి ముడతలకి గళ్లు గళ్లుగా గీసినాడు, అచ్చం మా గ్రాఫు కాగితం మాదిరి. ఈ చెక్కినోడు ధర్మవరంలో పుట్టింటే మాకు పని ఉండేది కాదు."

నరసప్ప మామ కళ్లు తుడుచుకున్నాడు. ఎవరికివ్వాలో ఆయనకి తేలలేదు. ఒకసారి నావైపు, ఒకసారి అతనివైపు తిరిగాడు. కాసేపటికి ముప్పై మూడేళ్ల ఉద్యోగం ఆయన చేతిలోకి వచ్చేసింది. బస్సులో ఇద్దరికి చెరి యాభై ఇవ్వాల్సి వచ్చి, బ్యాగులో ఒకటే వంద నోటు ఉంటే కండక్టరు ఏం చేస్తాడో మనందరికీ తెలుసు. ఆయనా అదే చేశాడు. నాణేన్ని నా చేతిలో పెట్టి, అదే కండక్టరు గొంతుతో, "చిల్లర లేదు. ఇద్దరూ కలిపి తీసుకోండి. దిగినాంక మీరే చూసుకోండి" అన్నాడు.

చెరి సగం డబ్బు కట్టి వీధిలోకి వచ్చాం. వంద నోటయితే టీ కొట్టులో మారుతుంది. ఏనుగును ఎవడు మారుస్తాడు?

వీధి చివరిదాకా కొట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చాం. ఒక వారం హిందూపురంలో, ఒక వారం ధర్మవరంలో. మార్చుకోవడం ప్రతి ఆదివారం పది గంటలకి, నడిమధ్యన ఉండే పెనుకొండ బస్టాండులో. తోమకూడదు, ఎవరికీ అప్పు ఇవ్వకూడదు, చెమట చేత్తో ముట్టుకోకూడదు. మొదటి వారం నాది.

ఆ వారం నేను భూమ్మీద నడవలేదు. పొద్దున లేచి ఆంటొనైనస్ మొహం చూస్తే గానీ మంచం దిగలేదు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఎవురీయన? మీ నాయన వాళ్ల చిన్నాయన మాదిరి ఉండాడే" అంది. సాయంత్రం ఇంటికి వచ్చి చూస్తే ఆయన ముందర రెండు గన్నేరు పూలున్నాయి.

మొదటి ఆదివారం పెనుకొండలో మార్పిడి అయిదు నిమిషాల్లో అయిపోయింది. నేను చిన్న కాటా తీసుకుపోయాను, ఇరవై నాలుగు గ్రాముల ఆరొందల మిల్లీగ్రాములు తూచి అప్పగించాను. గిరి భూతద్దంతో అంచులన్నీ చూసి తల ఊపాడు. ఇద్దరం చెరో బస్సూ ఎక్కాం. రెండో ఆదివారం అతను నాణెంతో పాటు ఒక గ్రాఫు కాగితం తెచ్చాడు. ఏనుగుని గళ్లలో దించాడు, తోక చివరి వెంట్రుకలతో సహా.

"గడ్డంలో పాయలు ఎన్ని మేడమ్? వారమంతా ఉండిందిగా మీ దగ్గర" అని అడిగాడు.

లెక్కపెట్టలేదని ఒప్పుకోవడానికి నాకు ప్రాణం పోయింది. ఆ రోజు నుంచి మళ్లీ నా వారమేగా, ఇంటికి రాగానే లెక్కపెట్టాను. ఆసుపత్రి మైక్రోస్కోపు కింద కూడా పెట్టాను, ఎవరికీ చెప్పకండి. కనుబొమ్మలో సన్నటి గీత ఒకటి కనపడింది, చెక్కేవాడి చెయ్యి జారిన గీత! పద్దెనిమిది వందల ఏళ్లలో దాన్ని ఎవరైనా చూశారో లేదో. ఆదివారం దాకా ఆగలేక మధ్యాహ్నమే గిరికి ఫోన్ చేసి అరిచాను. అతను కూడా అవతల అరిచాడు. మగ్గాల వాళ్లు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారట.

తర్వాత అయిదు నిమిషాలు అరగంటయింది. అరగంటకి టీ తోడైంది, టీకి ఉగ్గాని బజ్జీ తోడైంది. ఎనిమిదో ఆదివారం గిరి నాణేన్ని గుండెకి దగ్గరి జేబులో పెట్టుకున్నాడు, ఇద్దరం పెనుకొండ కోట ఉన్న కొండెక్కాం. గిరి తనకి విడాకులై ఆరేళ్లయిందని దార్లో చెప్పాడు. నాకు కోపం ఎక్కువని నేను హెచ్చరించాను. "తెలుసు గదా" అన్నాడు, "మొదటి రోజే నాకు నమస్కారం ఎగ్గొట్టినారు." ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ సోమవారం రక్తం తీసేటప్పుడు నేను కూనిరాగం తీస్తున్నానని పేషెంట్లు భయపడ్డారు.

పదకొండో ఆదివారానికి మూడు రోజుల ముందు నరసప్ప మామ ఫోన్ చేశాడు. గొంతులో పండగ ఉంది. "పాపా, మీరిద్దరూ బిళ్లని మోసుకోని తిరగతాంటే నాకు మనసొప్పలేదు. బెంగుళూరులో నా స్నేహితుని కాడ అట్లాంటిదే ఇంగొకటి ఉండాది. అదే రాజు, అదే ఏనుగు! మాట్లాడేసినా. ఆదివారం నేనే పెనుకొండకి తెస్తా. ఇంగ ఎవురిది వాళ్లకి. మీకు ఈ తిరుగుడు తప్పుతాది."

థ్యాంక్సు చెప్పి ఫోన్ పెట్టి, స్టూలు మీద కూలబడ్డాను. మూడు నెలల కిందట ఈ మాట వింటే ఎగిరి గంతేసేదాన్ని. ఇప్పుడు ఏడుపొస్తోంది. ఎవరి ఏనుగు వాళ్లకి వచ్చేస్తే గిరి పెనుకొండ ఎందుకొస్తాడు?

ఆదివారం నరసప్ప మామ ఇస్త్రీ చొక్కాతో దిగాడు. రుమాలు విప్పి రెండో నాణేన్ని మా మధ్య బెంచీ మీద, నేను తెచ్చిన పచ్చదాని పక్కన పెట్టాడు. బెల్లం రంగులో ఉంది. మంచి నాణెం. నిజం చెప్పాలంటే చాలా మంచి నాణెం.

"చానా సంతోషం మామా" అన్నాడు గిరి, కొత్తదాన్ని ముట్టుకోకుండానే.

"చానా సంతోషం" అన్నాను నేను కూడా, రిపోర్టు బాగాలేనప్పుడు చెప్పే గొంతుతో.

"పచ్చది మీరు తీసుకోండి మేడమ్" అన్నాడు గిరి. లేదు మీరే తీసుకోండి అన్నాను. కాసేపు అట్లా తోసుకున్నాం. తర్వాత నేను కొత్త నాణేన్ని కాటా మీద పెట్టి బరువు తక్కువన్నాను. గిరి భూతద్దం పెట్టి తోక సరిగ్గా పడలేదన్నాడు. నేను చెవి బాగాలేదన్నాను. పాపం, ఆ చెవికేం! నా మొదటి నాణెం చెవి కంటే వందరెట్లు మేలు.

నరసప్ప మామకి ఒళ్లు మండింది. "ఏమబ్బా! ఒకటుంటే కొట్లాడితిరి. రెండు తెస్తే ఏడుస్తాండారు. అసలు మీకేం కావాలప్పా?"

గిరి తల దించుకుని నాణేల వంక చూస్తున్నాడు. నోరు విప్పితే, అతను కాదంటే, ఏనుగూ పోతుంది, టీ పోతుంది, కొండ పోతుంది, మనిషీ పోతాడు. నోరు మూసుకున్నా అవన్నీ పోతాయి. మరి ఊరందరి మీదా అరిచే నోరు ఇది, ఇప్పుడు కాకపోతే ఎందుకు?

"నాకు ఏనుగు వద్దు మామా" అన్నాను. గట్టిగానే వచ్చింది, అనంతపురం బస్సు కోసం నిలబడినవాళ్లు తిరిగి చూశారు. "పచ్చదీ వద్దు, బెల్లం రంగుదీ వద్దు. నాకు ఆదివారం కావాల!"

గిరి తలెత్తాడు. రెండు నాణేలూ తీసి నా అరచేతిలో పెట్టాడు. అయిపోయింది, సాగనంపుతున్నాడు అనుకున్నాను. నా గుండె జారి చెప్పుల్లో పడింది. అయితే అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రెండు ఏనుగుల మీదుగా నా వేళ్లు మూసి, తన చెయ్యి అట్లాగే ఉంచాడు.

"ఒక్క ఆదివారమేనా?" అన్నాడు. "మిగిలిన ఆరు రోజులు నేనేం చెయ్యల్ల?"

ఆ రోజు హిందూపురం బస్సులు నా కళ్లముందే నాలుగు వెళ్లిపోయాయి. నేను ఒక్కటీ ఎక్కలేదు.