జమీందారు గూడు

ఈ ఉదయం మా ముందుగది నీళ్లతో నిండి ఉంది. పైకప్పుకి జానెడు కింది వరకు ఉన్నాయి నీళ్లు. ఎవరో బాదం ఆకు వేసినట్టున్నారు, పలచటి టీ రంగుకి తిరిగాయి. నేను కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. ఊపిరి కావలసినప్పుడు పైకి వెళ్లి, ఒక గుక్క గాలి మింగి, మళ్లీ వచ్చి కూర్చుంటున్నాను.

ఫ్యాను పక్క మూలలో, తేలుతున్న బాదం ఆకు కింద, జమీందారు గూడు కడుతున్నాడు.

జమీందారంటే మా నాన్న రంగుచేపల కొట్లో ఉండే బెట్టా, అంటే ఫైటర్ చేప. ఎర్రటి ఒళ్లు, పంచె కుచ్చిళ్లలా జారే తోక. ఇంకో మగచేప కంటపడితే చాలు, కాళ్లు లేకపోయినా ఒంటికాలి మీద లేచేవాడు. అందుకే నాన్న ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు వాడి వయసు ముప్ఫై మూడేళ్లు. బెట్టాలు మూడు నాలుగేళ్లకి మించి బతకవంటారు. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

వాడి పని తీరు మారలేదు. పైకి వెళ్తాడు, గాలి మింగుతాడు, నోట్లోని జిగురు పూసి బుడగ చేసి ఆకు కింద అంటిస్తాడు. ఆడచేప ఉండి తీరాలనేం లేదు. నీళ్లు వెచ్చగా, నిలకడగా ఉంటే మగవాడు ఒక్కడే కట్టుకుంటూ పోతాడు. అదేమిటని కొనేవాళ్లు అడిగితే నాన్న ఒకటే జవాబు చెప్పేవాడు.

"ఎవరూ రాపోయినా కడతాడండి. వస్తే చోటుండాలి కదా."

ఒక బుడగ గూటి నుంచి విడిపోయి నా చెవి దగ్గరికి దొర్లుకొచ్చి పగులుతుంది. లోపల నాన్న గొంతు ఉంది.

"ఆకు ఒకటే ఎయ్యండి. రెండేస్తే నీళ్లు చేదెక్కుతాయి."

ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. నాన్న రోజంతా చేపల సీసాల మీదికి వంగి మాట్లాడేవాడు. జమీందారు అక్కడే పైకి వచ్చి గాలి మింగేవాడు. ఆ గాలి నిండా నాన్న మాటలే. ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నాడు, ఇప్పుడు కడుతున్నాడు. నాన్న పోయి పదకొండేళ్లయింది. ఆయన గొంతు ఎలా ఉండేదో నేను మరిచిపోయాను. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ చెప్పలేదు, సిగ్గనిపించి.

చిక్కల్లా ఒకటే. బుడగ పగిలితేనే మాట వినిపిస్తుంది. అది కూడా ఒక్కసారే.

నాకు అన్ని మాటలూ అక్కర్లేదు. ఒక్కటి కావాలి.

గది పొడుగవుతోంది. అవతలి గోడ వెనక్కి జరుగుతూ జరుగుతూ కాకినాడలో, జగన్నాథపురం వంతెన పక్కన మా కొట్టు దాకా వెళ్లి ఆగుతుంది. బల్ల మీద గాజు సీసాలు వరసగా ఉన్నాయి, సీసాకొక చేప. ఒకణ్ణొకడు చూసుకుని రెచ్చిపోకుండా నాన్న మధ్యమధ్య పాత శుభలేఖలు నిలబెట్టాడు. మా ఇంట్లో శుభలేఖ పారేస్తే మహాపరాధం. ఆ వీధిలో ఎవరి పెళ్లి ఏ ముహూర్తానికైందో ఆ చేపలకి కంఠతా వచ్చు.

అక్కడ నేనున్నాను. తొమ్మిదేళ్లు, రెండు జడలు. నాన్న భోజనానికి ఇంటికి వెళ్లాడు. జమీందారు సీసాలో నీళ్ల మీద నురగ కనిపిస్తుంది. సబ్బు మురికి అనుకుంటాను. వాడిని గిన్నెలోకి మార్చి, నురగంతా పారబోసి, గుడ్డతో సీసా తళతళలాడేలా తుడిచి, కొత్త నీళ్లు పోస్తాను. నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకుంటాను, ఎంత బాగా చేశానో అని.

నాన్న వస్తాడు. శుభ్రమైన సీసా చూస్తాడు. దాని మీదికి వంగి జమీందారుతో ఏదో అంటాడు. నాకు వినపడదు. తర్వాత నా వైపు తిరిగి, "అన్నం తిన్నావా?" అంటాడు, అంతే.

అది మురికి కాదు, మూడు రోజులు కష్టపడి కట్టిన గూడు అని మర్నాడు అక్క చెప్పింది. నాన్న తిట్టినా బాగుండేది. తిట్టు ఆ సాయంత్రానికే మరిచిపోయేదాన్ని. చేపతో ఏమన్నాడో తెలియకుండా ముప్ఫై రెండేళ్లు గడిపాను.

వీధి తలుపు తెరుచుకుంటుంది. మా అక్క వీరవేణి బూజుకర్ర పట్టుకుని లోపలికి వస్తుంది. ఆమె పక్కనుంచి నీళ్లు మెట్లు దిగి వీధిలోకి పోతున్నాయి.

"ఏవిటే సత్యవేణీ, పైనంతా ఈ నురగ? ఇల్లు దులిపి ఎన్నాళ్లయింది?" అంటూ కర్ర ఎత్తుతుంది.

"ముట్టుకోకే అక్కా. గూడది."

"గుడ్లున్నాయా?"

"నాన్న మాటలున్నాయి."

అక్క కర్ర దించుతుంది. "మరి నన్ను తలుపెందుకు తియ్యనిచ్చావే? నీళ్లన్నీ పోతన్నాయి కదా."

తలుపు మూసినా కింద సందులోంచి పోతూనే ఉన్నాయి. నీళ్లతో పాటు గూడు దిగుతోంది. అంచున ఉన్న బుడగలు పగులుతున్నాయి. "ఎండలో పెట్టకండి." "రేపు రండి." "చిన్నదేదీ, అన్నం తిందా?" జమీందారు విడిపోయిన బుడగలని నోటితో పట్టి మళ్లీ అంటిస్తున్నాడు కానీ, వాడొక్కడు.

అక్క చీర కుచ్చిళ్లు ఎగదోపి తనూ నోటితో పట్టడం మొదలుపెడుతుంది. మా అక్క ఇంతసేపు నోరు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నేను అల్మారా తీసి శుభలేఖల కట్టలు తెచ్చి తలుపు కింద సందులో కుక్కుతాను. నీళ్లు నడుం దగ్గర ఆగుతాయి.

అప్పుడు జమీందారు గూటి నడిమధ్యకి వెళ్లి, పసుపెక్కిన పాత బుడగ ఒకటి తెచ్చి నా ముందు ఆగుతాడు. అది ఏదో నాకు తెలుసు. భయమేస్తోంది. వినకపోతే ఎప్పటికీ ఉంటుంది, వింటే ఉండదు. అక్క బుగ్గలు ఉబ్బించుకుని, వినమని చేత్తో సైగ చేస్తుంది. నేను చెవి ఆనిస్తాను.

"కోప్పడకండి జమీందారుగారూ. మా చిన్నది మీ ఇల్లు కడిగింది. ఇష్టమైనోళ్లవే కడుగుద్దండి అది. మళ్లీ కట్టుకుందురుగాని, నే ఆకు తెస్తాను."

అంతే. బుడగ లేదు. నాకు ఏడుపు ఆగడం లేదు, ఆపుకోవాలని కూడా లేదు.

గూటిలో ఆ బుడగ ఉన్నచోట ఇప్పుడు ఒక పిల్ల వేలాడుతోంది, చేపపిల్లలు వేలాడినట్టు, కాళ్లు కిందికి పెట్టి. జీలకర్ర గింజంత ఉంది. రెండు జడలు, చేతిలో తడిగుడ్డ. చూస్తుండగానే పట్టు జారి నీళ్లలో కిందికి దిగిపోతుంది. జారిన పిల్లల్ని నోట పట్టి గూట్లో పెట్టాల్సింది జమీందారే. వాడి నోరు ఖాళీగానే ఉంది, అయినా కదలడు. నా వంక చూస్తున్నాడు.

నేను మునిగి దాన్ని నోట్లోకి తీసుకుంటాను. పెదాలు బిగించి గూటివైపు నడుస్తున్నాను. నోట్లో అది గుడ్డ మడత విప్పి నా పళ్లు ఒక్కొక్కటే తుడుస్తోంది, శ్రద్ధగా, మూలమూలలా. నేను దాన్ని ఏమీ అనను.