పంపమ్మత్త రాజీనామా

మా మేనత్త పదవికి రాజీనామా చేసిందన్న సంగతి నాకు క్లాసులో తెలిసింది. అదీ పాఠంలో ఉదాహరణగా.

బి.ఎ. ఆఖరి సంవత్సరం, పొలిటికల్ సైన్స్ పీరియడ్. విజయేంద్ర సార్ పంచాయతీరాజ్ చెప్తున్నారు. పుస్తకంలో ఉన్నది చాలదనుకున్నారో ఏమో, పొద్దున చదివిన కన్నడ పేపరును గుర్తు తెచ్చుకున్నారు. "ఆడవాళ్లకు సగం సీట్లు ఇచ్చాం, బాగుంది. కూర్చోనిస్తున్నామా? దూరం పోనక్కర్లేదు. మన దేవసూగూరు వైపు, నది పక్క పంచాయతీ అధ్యక్షురాలు పంపమ్మ రాజీనామా ఇచ్చారట. వ్యక్తిగత కారణాలట. ఎప్పుడూ వ్యక్తిగతమే!" అన్నారు. క్లాసంతా నవ్వింది.

నాకు దిమ్మ తిరిగింది. ఆ పంపమ్మ మా నాన్నకు అక్క. మొన్న ఆదివారమే కదా వాళ్లింట్లో జొన్నరొట్టె, పుంటికూర తిని వచ్చాను! ఊరి తాగునీళ్ల బావి పక్కన ఇసుక తవ్వే ట్రాక్టర్లను ఆపించానని చెప్తూ ఎంత మురిసిపోయింది! అలాంటి మనిషి కుర్చీ వదిలేస్తే నాకు ఒక్క మాటైనా చెప్పదా?

పీరియడ్ అయ్యాక సార్ వెనకాల పరిగెత్తాను. "సార్, ఆమె మా అత్త" అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది, పాపం. నవ్వించినందుకు నొచ్చుకున్నారు. "వెనక్కి తీసుకోవడానికి గడువు ఉంటుందమ్మా. పేపర్లో తేదీ చూస్తే రేపటి దాకా ఉన్నట్టుంది. కానీ ఆమే స్వయంగా రాసివ్వాలి" అన్నారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. ఆ రోజు అత్త ఊరికి పోయే బస్సులో అది ముక్కు దాటి నెత్తికెక్కింది. బసవప్పే ఏదో చేసి ఉంటాడనుకున్నాను. బసవప్ప అంటే ఆ పంచాయతీకి ఉపాధ్యక్షుడు, ఇసుక ట్రాక్టర్ల యజమాని. అత్తను బెదిరించి ఉంటాడు. అత్త భర్త, మా అమరేశప్ప మామ ఊళ్లో లేనప్పుడు వచ్చి ఉంటాడు. మామ ఉంటే వాడి ఆటలు సాగేవా? నన్ను బి.కాం.లో పడేయబోయిన మా నాన్నతో కొట్లాడి, "లా సదవాలంటే ముందుగాల రాజ్యం ఎట్ల నడుస్తదో తెల్వాలె, పిల్ల వకీలమ్మ అవుతది" అని పొలిటికల్ సైన్స్‌లో చేర్పించింది మా మామే. దారి పొడుగునా బసవప్ప మీద ఏ ఏ కేసులు పెట్టాలో మనసులో రాసుకుంటూ పోయాను.

అత్త గడప దగ్గర కూర్చుని చేటలో జొన్నలు ఏరుతోంది. చెవికీ భుజానికీ మధ్య ఫోను. అవతల నీళ్లు వదిలే హనుమన్న.

"పొద్దుగాల కొత్త గల్లీకి ఇడువు హనుమన్నా, తర్వాత పెద్ద గల్లీకి. ఎవడన్న అడిగితే అధ్యక్షురాలు చెప్పిందని చెప్పు."

నేను గుమ్మంలో నిలబడిపోయాను. రాజీనామా ఇచ్చిన మనిషి మాట్లాడే మాటలా ఇవి?

"రా బిడ్డా, ఐతారం గూడ కాదు, గిట్లొచ్చినవ్? కాలేజి లేదా?" అంది ఫోను పెట్టేసి.

"రాజీనామా ఎందుకిచ్చినవ్ అత్తా?"

అత్త ఏమాత్రం తడబడలేదు. "ఇయ్యాల్సొచ్చిందే తల్లీ. ఎన్నని కొట్లాడుతం? ఒకే ఊర్ల ఉండేటోళ్లం."

"గంత ఆరామ్‌గ చెప్తున్నవేంది? బసవప్ప బెదిరించిండా?"

"వాడేం బెదిరిస్తడు? వాడు గూడ ఇచ్చిండు తియ్యి."

"ఏం ఇచ్చిండు?"

"రాజీనామానే. రెండు దిక్కుల దస్కత్ ఉండాలె గద."

నాకేమీ అర్థం కాలేదు. అధ్యక్షురాలూ ఉపాధ్యక్షుడూ కలిసి దిగిపోయారా? "మరి నీ కుర్సీల ఇంక ఎవరు కూసుంటరు?" అని అడిగాను.

"నా కుర్సీల నేను గాక మీ తాత కూసుంటడా?" అని పకపకా నవ్వింది.

అప్పుడు వెలిగింది నాకు.

మా పాత రాయచూరు ఇళ్లలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. నిజాం కాలం నాటిది. గోడ దగ్గరో గట్టు దగ్గరో తగాదా వస్తుంది, పెద్దమనుషులు తెంపుతారు, ఇద్దరూ రాజీ పడ్డట్టు ఒక కాగితం రాసుకుంటారు. దాన్ని మా ముసలివాళ్లు రాజీనామా అంటారు. కన్నడ పేపర్లోనూ టీవీలోనూ నా పుస్తకాల్లోనూ రాజీనామా అంటే పదవి వదిలేయడం.

"అత్తా, టీవీల మంత్రులు రాజీనామా ఇస్తరు, చూడలేదా నువ్వు?"

"ఎందుకు చూడలె? అది వాళ్ల రాజీనామా. నాకు బసవప్పతోని తగాదా ఉండె. బావి దిక్కు ట్రాక్టర్లు రావు, నువ్వు కేసు పెట్టకు, రాజీ అయిపోదాం అన్నరు. మీ మామ కాగితం తెచ్చిండు. నేనేం కండ్లు మూసుకొని పెట్టలేదమ్మా దస్కత్! పైన ఏముందో నేనే కూడబలుక్కొని సదివిన. కన్నడంల రాజీనామె అనే ఉండె. సరిగ్గనే ఉంది గదా అని పెట్టిన."

"కింద?"

"కిందంత పొడుగు పొడుగు కన్నడ. మీ మామ ఉన్నడు గద, ఇంక నేనెందుకు సదవాలె?"

ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇంకెలా చెప్పాలో నాకు తెలియలేదు. అది బసవప్పతో రాజీ కాగితం కాదని, అసిస్టెంట్ కమిషనర్‌కు ఇచ్చిన కాగితమని, తను అధ్యక్ష పదవి వదిలేస్తున్నట్టు అందులో ఉందని, పేపర్లో కూడా పడిందని. అత్త చేట పక్కన పెట్టింది. నా ముఖంలోకి చూసింది, నేను ఎగతాళి చేస్తున్నానేమో అన్నట్టు.

"అంటే ఇప్పుడు నేను అధ్యక్షురాల్ని కానా?"

"ఉన్నవ్ అత్తా. రేపటిదాక."

"హనుమన్న సరే అన్నడు గద మల్ల?"

"ఆయనకింక తెల్వదు."

ఆ మాటకు అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కాగితం తెచ్చింది మామ అన్న మాట అప్పటిదాకా నా బుర్రలోకి ఎక్కనే లేదు. ఎక్కాక కూడా, ఆయన్నీ మోసం చేసి ఉంటారు, ఆయనకూ తెలిసి ఉండదు అనే అనుకున్నాను. అంత నమ్మకం నాకు.

వాకిట్లో బండి ఆగింది. మామ లోపలికి వస్తూనే, "ఏం వకీలమ్మా, ఇయ్యాల ఏ కోర్టుకు సెలవు?" అన్నాడు. అత్త వైపు తిరిగి, "పంపీ, జర చాయ్ పెట్టు" అన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు.

"మామా, అత్తతో దస్కత్ పెట్టించింది ఏం కాగితం?"

మామ నా వైపు చూశాడు, అత్త వైపు చూశాడు. దాచినా లాభం లేదని తెలిసిపోయినట్టుంది. మంచం మీద తాపీగా కూర్చున్నాడు. "ఏం కాగితమని ఆమె గూడ అడిగింది. రాజీనామా అన్న. సూగురేశ్వరుని మీద ఒట్టు, ఒక్క మాట అబద్ధం చెప్పలె."

"అబద్ధం చెప్పలేదు మామా. నిజం తక్కువ చెప్పినవ్!"

"తక్కువేంది? ట్రాక్టర్లు ఆపేటప్పుడు ఆమె నాకు ఎక్కువ చెప్పిందా? బసవప్ప ఒక్కనివే అనుకుంటున్నవా ఆ ట్రాక్టర్లు? అండ్ల నాదొకటి ఉంది. ఇంట్ల మనిషే ఇంటి పొట్ట మీద కొడ్తే ఎట్ల?"

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? "నీకు సిగ్గు లేదా?" అని అరిచాను. మామను అంత మాట అనడం నా జన్మలో అదే మొదలు. ఆయనకు కోపం రాలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నవ్వుతూ, నన్ను మెచ్చుకుంటున్నట్టు చెప్పాడు.

"నాకేం తెలుసమ్మా ఇయ్యన్ని? నువ్వే గద చెప్పినవ్! అధ్యక్షురాలి రాజీనామా ఎ.సి.కి ఇయ్యాలె అన్నవ్. సొంత దస్కత్ ఉండాలె అన్నవ్. వ్యక్తిగతం అని రాస్తే ఎవడూ ఎందుకని అడగడు అని నవ్వినవ్ గూడ. గడువు దాటిందంటే బ్రహ్మదేవుడు గూడ ఏం చెయ్యలేడంటివి. ఈ పేపరోడు సత్యనాశనం చేసిండు గాని, నీ సదువు మంచిగనే పనికొచ్చింది."

నిజమే. చెప్పాను. ఆదివారం భోజనాల దగ్గర ఆయన ప్రశ్నలు అడిగేవాడు, నేను రొట్టె తుంచుతూ జవాబులు చెప్పేదాన్ని. అవిశ్వాస తీర్మానం ఎట్ల పెడ్తరు, రాజీనామా ఎవరికిస్తరు, ఎప్పటిసంది చెల్లుతది. మా ఇంట్లో నా చదువును పట్టించుకున్న మనిషి ఆయనొక్కడే. పరీక్షలో కన్నా బాగా చెప్పేదాన్ని ఆయనకు. శభాష్ వకీలమ్మా అనేవాడు. ఆ శభాష్ కోసం ఇంకో నాలుగు విషయాలు ఎక్కువ చెప్పేదాన్ని. అన్నీ గుర్తు పెట్టుకున్నాడు!

అత్త ఇద్దరి మాటలూ వింటూ నిలబడింది. చాయ్ పెట్టలేదు. మామ వైపు చూడకుండా నన్ను అడిగింది. "ఆ ఎ.సి. ఆఫీసు పొద్దుగాల ఎప్పుడు తెరుస్తరు?"

మర్నాడు మేం రాయచూరులో ఆఫీసు తెరవకముందే వెళ్లి కూర్చున్నాం. కాసేపటికి మామ కూడా వచ్చాడు. ఆయన్ని ఎవరూ రమ్మనలేదు. అధికారి మమ్మల్ని లోపలికి పిలవగానే అందరికన్నా ముందు ఆయనే మొదలుపెట్టాడు. "సార్, ఇది ఇంటి విషయం. ఆమెకు సరిగ్గ అర్థం కాక..." అన్నాడు కన్నడంలో.

అధికారి ఆయన్ని చెయ్యెత్తి ఆపి అత్తను అడిగారు. "ఈ సంతకం మీదేనా అమ్మా?"

"నాదే సార్. పైన సదివే పెట్టిన."

"రాజీనామా అని పైన రాసుంది. చదువుకునే పెట్టానంటున్నారు. పదవిలో ఉన్నవారికి రాజీనామా అంటే ఏమిటో తెలియదా?"

ఆయన కసిరి అడగలేదు, మామూలుగానే అడిగారు. అయినా నాకు ఒళ్లు మండింది. మోసంతో పెట్టించిన సంతకం చెల్లదని రాత్రంతా బట్టీ పట్టిన ఉపన్యాసం గొంతుదాకా వచ్చింది. నోరు తెరిచాను. అత్త నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. కన్నడంలో మొదలుపెట్టి, సగంలో తెలుగులోకి వచ్చేసింది.

"మా ఇండ్లల్ల ఎవ్వరికి ఎన్నడు కుర్సీ లేకుండె సార్. మా నాయనకు లేదు, మా అత్తకు లేదు. కుర్సీ ఉన్నోళ్లకు కుర్సీ దిగే మాట తెలుస్తది. మాకు కొట్లాడుడు తెలుసు, కలుసుడు తెలుసు. అందుకే ఆ మాట నాకు అట్లనే తెలుసు. ఇప్పుడు రెండోది గూడ తెలిసింది. నేను దిగను సార్."

మామ నేల చూపులు చూశాడు. అధికారి ఒక తెల్ల కాగితం తీసి అత్త ముందుకు జరిపారు. "వెనక్కి తీసుకుంటున్నానని రాయండి. మీ చేత్తోనే రాయండి" అన్నారు. నేను చెప్పబోయాను. నువ్వు ఊకో అన్నట్టు అత్త తల ఊపింది. ఒక్కొక్క అక్షరం దిద్దుకుంటూ, పెదవులు కదుపుకుంటూ రాసింది. రాశాక పై నుంచి కింది దాకా వేలు పెట్టి చదివింది. ఆ తర్వాతే సంతకం పెట్టింది. అధికారి ముద్ర వేయించారు. మా అత్త అధ్యక్షురాలు!

బయట మామ బండి తీసి నిలబడ్డాడు. "అయ్యిందేదో అయ్యింది పంపీ, ఎక్కు. ఇంట్ల మాట్లాడుకుందం." అత్త ఆయన పక్కనుంచే నడిచిపోయింది. నేనూ ఆమె వెనకే బస్టాండుకు వెళ్లాను.

శక్తినగర్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నాకు గెలిచిన ఊపు. ఆగలేదు నా నోరు. లా సీటు వచ్చాక నా మొదటి కేసు మామ మీదే అన్నాను. బసవప్ప ట్రాక్టర్లకు నోటీసు ఎట్ల పంపాలో చెప్పాను. చట్టం తెలిసిన మనిషి ఇంట్లో ఉంటే ఎంత ధైర్యమో చూసినవా అన్నాను. అత్త ఉలుకూ పలుకూ లేకుండా బయటికి చూస్తూ కూర్చుంది. అలసిపోయిందేమో అనుకున్నాను.

థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనబడే దగ్గరికి వచ్చాక నా వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తిట్టే గొంతు కాదు. నిజంగానే తెలియక అడిగే గొంతు.

"సహనా, ఒకటి అడుగుత. ప్రతి ఐతారం మీ మామ పక్కన కూసొని గంత చెప్పినవ్. రాజీనామా ఎవరికియ్యాలె, మీటింగ్ ఎట్ల పెట్టాలె, ఎవరి మీద ఎవరు అధికారి. నేను ఆడనే రొట్టెలు కాలుస్తుంటి. నాకొక్క మాటన్న ఎందుకు చెప్పలె? అధ్యక్షురాల్ని నేను గద బిడ్డా."