పెద్దల్లుడి బోణీ

అత్తగారింట్లో మటన్ కూరలోని మూలుగ బొక్క ఎవరి కంచంలో పడితే పెత్తనం ఆ అల్లుడిది. ఇన్నేళ్లూ అది పెద్దల్లుడు రాజమౌళి కంచంలోనే పడేది. ఆ ఆదివారం వర్ధన్నపేటలో అత్త చిలుకమ్మ కూరలో గరిటె తిప్పి తిప్పి, దాన్ని తీసి చిన్నల్లుడు భానుచందర్‌కు వేసింది.

"తిను బిడ్డా. పెండ్లిళ్లల్ల నిలవడి నిలవడి బక్కగైనవు," అంది.

రాజమౌళి నిలబడేదీ పెళ్లిళ్లలోనే. వరంగల్ కాశిబుగ్గలో అతనికి టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంట గంజులు కిరాయికిస్తాడు. కానీ టెంటు వేసినవాణ్ణి చూసేదెవరు? అందరి కళ్లూ స్టేజీ మీదే. ఆ స్టేజీకి పూలు కట్టేవాడు భానుచందర్. నిరుడు హన్మకొండలో డెకరేషన్ షాపు పెట్టాడు, ఇప్పటికే కారు కూడా కొన్నాడు. ఫోన్ తెరిస్తే అతనే. వార్తలు చూద్దామన్నా, భజన విందామన్నా మధ్యలో భానుచందర్ పూల మండపం గుండ్రంగా తిరుగుతూ వచ్చేది. రాజమౌళి దాన్ని ఈగను తోలినట్టు బొటనవేలితో తోసేసేవాడు.

మర్నాడు కొత్త షామియానా గుడ్డకు పైసలు కడదామని చూస్తే ఖాతాలో ఉండాల్సినంత లేదు. బ్యాంకుకు పరుగెత్తి స్టేట్‌మెంట్ తీయించాడు. కౌంటర్‌లో ఉన్న ప్రియాంక అనే అమ్మాయి ఒక పేరు దగ్గర పెన్ను ఆపింది.

"అంకుల్, ఇగో ఈ పేరు నెలకు రెండు మూడు సార్లు వస్తాంది. ఇది ఫోన్లల్ల యాడ్స్ వేసే కంపెనీ. మీరేమన్న యాడ్స్ ఇస్తాండ్రా?"

"నేనా? నా టెంట్ హౌస్‌కు బోర్డే సక్కగ లేదు బిడ్డా! మరి ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ ఎందుకు పోయినయ్?"

"యాడ్ ఎంత మందికి పోతే అంత పడ్తది. కొంత జమైనంక కట్ చేస్తరు. మెసేజ్‌లు రాలేదా?"

వచ్చే ఉంటాయి. ఇంగ్లిషులో ఉన్నవన్నీ లోన్ ఇస్తామనేవాళ్ల మెసేజ్‌లేనని అతను చదవకుండా తుడిచేసేవాడు.

ప్రియాంక ఒక కాగితం ముందు పెట్టింది. "మీరు చెయ్యకుంటే దీని మీద సంతకం పెట్టుండ్రి. కార్డు బంద్ చేసి కంప్లెయింట్ పంపుతం. ఆ యాడ్స్ వేసేటోళ్ల అకౌంట్‌ను కంపెనోళ్లు ఆపేసినా ఆపేస్తరు. కానీ మంచిగ యాది చేసుకోండ్రి అంకుల్. ఎవరికన్న, ఎన్నడన్న, యాడ్ కోసం కార్డు ఇచ్చిండ్రా? ఇచ్చి ఇయ్యలేదంటే అబద్ధమైతది."

రాజమౌళి పెన్ను పట్టుకున్నాడు. అప్పుడు యాదికొచ్చింది.

భానుచందర్ షాపు తెరిచిన రోజు. "బోణీ పెద్దల్లునితోనే," అని చిలుకమ్మ పట్టుబట్టింది. రాజమౌళి జేబులోంచి నోటు తీస్తే భానుచందర్ నవ్వాడు. "పూలు రేపొస్తయన్నా, ఇయ్యాల అమ్మేటందుకు ఏం లేదు. ఫస్ట్ యాడ్‌కు నువ్వు పైసలు కట్టు, అదే బోణీ." రాజమౌళి తన కార్డు ఇచ్చాడు, ఓటీపీ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. "మా పెద్దల్లుని చెయ్యి మంచిది," అంది చిలుకమ్మ.

అంటే ఆ కార్డు ఇంకా అక్కడే కూర్చుంది! ఇన్నాళ్లూ తన కళ్లలో కారం కొట్టిన పూల మండపం తన పైసల మీదే తిరిగింది!

ముందు ఒళ్లు మండింది. ఆ వెంటనే ఒక తీపి ఆలోచన. ఒక్క సంతకం. వచ్చేది మాఘమాసం, వరసగా ముహూర్తాలు. సరిగ్గా ఇప్పుడు యాడ్స్ ఆగిపోతే మండపం ఎక్కడ తిరుగుతుంది? మూలుగ బొక్క ఎవరి కంచంలో పడుతుంది?

పెన్ను కాగితానికి ఆనింది. "ఈ చెల్లింపులకు నేను ఎన్నడూ కార్డు ఇవ్వలేదు," అని అచ్చేసి ఉంది. అక్కడే చెయ్యి ఆగింది. ఎన్నడూ ఇవ్వలేదంటే బోణీ తనది కాదు. తన చేతి చలవ లేకపోతే ఆ షాపు దేనివల్ల పెరిగినట్టు? భానుచందర్ సొంత తెలివివల్ల!

అది మాత్రం రాజమౌళి ఒప్పుకోలేకపోయాడు.

"ఇచ్చిన బిడ్డా," అన్నాడు కాగితం వెనక్కి తోసి. "నేనే ఇచ్చిన. బోణీ నాదే."

ప్రియాంకకు బోణీ సంగతి అర్థం కాలేదు కానీ దారి చెప్పింది. "గట్లైతే ముందు ఆయన ఫోన్ల నుంచి మీ కార్డు తీపియ్యుండ్రి. పోయిన పైసలు ఆయన్నే అడుగుండ్రి. తీసినంక గూడ కట్ అయితే అప్పుడు రండ్రి."

ఫోన్ చేస్తే అయిపోయే పనే. కానీ అది చిలుకమ్మ వినాలి కదా! మళ్లీ ఆదివారం దాకా ఓపిక పట్టాడు. అందరి ముందూ కంచాలు పెట్టాక అడిగాడు.

"భానూ, నీ యాడ్స్‌కు పైసలు ఎవరు కడ్తాండ్రు?"

"నేనే అన్నా. షాపు తెరిచిన తెల్లారే నా కార్డు పెట్టిన గద."

"జర తెరిచి చూడు."

భానుచందర్ చూశాడు. అతని కార్డు ఉంది, కానీ కింద. పైన రాజమౌళి కార్డు. పైదాంట్లోంచే పైసలు పోతున్నాయి.

"నీ ఖాతాల నుంచి పోతలేవని గూడ చూసుకోలేదా?" అంది అతని భార్య రమ.

"పూలోళ్లకు, కూలోళ్లకు పోంగ ఏది దేనికి పోయిందో ఎవనికెరుక?" అని, భానుచందర్ బావురుమన్నంత పని చేశాడు. "తప్పైందన్నా. ఎంతైందో చెప్పు, ఇప్పుడే కొడ్త."

రాజమౌళి లెక్క చెప్పాడు. పైసలు వచ్చినట్టు అతని ఫోన్ మోగింది. రాజమౌళి దాన్ని చూడలేదు. చిలుకమ్మనే చూస్తున్నాడు. "ఇన్నవా అత్తా? గీ షాపు ఎవరి చెయ్యి మీద నడిచిందో?"

"నాకెరుకనే గద. గందుకే నీతోని చేపిచ్చిన," అంటూ చిలుకమ్మ గరిటె తిప్పి, మూలుగ బొక్క తెచ్చి అతని కంచంలో వేసింది.

భానుచందర్ ఫోన్ చాపాడు. "నువ్వు పెట్టింది నువ్వే తియ్యన్నా."

రాజమౌళి తన కార్డు తీసేశాడు. 'ఇగ చూస్తం, నా చెయ్యి లేకుంట ఎట్ల తిరుగుతదో,' అనుకున్నాడు.

తిరిగింది. మాఘమాసమంతా తిరిగింది. ఇప్పుడు రాజమౌళి దాన్ని తోసెయ్యడం లేదు. ఎప్పుడాగుతుందా అని చివరిదాకా చూస్తున్నాడు.

"గట్ల కుళ్లుకునే బదులు మనం గూడ ఒక యాడ్ వెయ్యరాదు?" అంది అతని భార్య పద్మలత.

"నాకు కుళ్లెందుకే?"

"ఆఁ, నీకెందుకుంటది! ఆ ఫోన్ అద్దం పగుల్తది, గంత గుచ్చి చూడకు."

రాజమౌళి కాసేపు గొణిగాడు. "సరే, వేద్దాం."

"మరి బోణీ ఎవరితోని చేపిద్దాం? చెయ్యి మంచిదుండాలె."

అతను ఇరుగు పొరుగునంతా మనసులో తిప్పి చూశాడు. ఒకడికి బేరాలు లేవు, ఒకడికి అప్పులు. చేతిలోని ఫోన్‌లో మళ్లీ అదే యాడ్. పూల మండపం గుండ్రంగా తిరుగుతోంది.

"మా సడ్డకుణ్ణే పిలువు," అన్నాడు పళ్లు బిగించి. "కార్డు మర్చిపోకుంట తెచ్చుకొమ్మను."