మోకు పడి ఉన్న చోటు

అశోక్‌నగర్‌లో వీరరాఘవరావుగారి పెరట్లో ఒక తాడిచెట్టు ఉండేది. కాకినాడ నుంచి హైదరాబాదు వచ్చి ఆయన స్థలం కొనేనాటికే అది అక్కడ ఉంది. దాన్ని గీసి కల్లు దించేవాడు గండయ్య. ఆ హక్కు ఎవరిచ్చారని రావుగారు అడగలేదు, అతను చెప్పలేదు. అతని భార్య కురుమమ్మ నారాయణగూడ చౌరస్తాలో తాటాకు విసనకర్రలు అమ్మేది.

అరవైతొమ్మిది ఎండాకాలం. ప్రత్యేక తెలంగాణ గొడవలతో ఊరు అట్టుడికినట్టు ఉడికిపోతోంది. ఒక మధ్యాహ్నం ముషీరాబాద్ వైపు కేకలు వినపడితే గండయ్య గబగబా చెట్టు దిగాడు. అక్కడ అతని తమ్ముడి ఇల్లుంది. నడుముకు కట్టుకుని చెట్టెక్కే మోకును చెట్టు మొదట్లోనే పడేసి, పెరటి గుమ్మంలో నిలబడ్డ రావుగారి భార్య అన్నపూర్ణతో "ఇప్పుడే వస్తనమ్మా" అని పరుగెత్తాడు. ఆ తర్వాత అతన్ని చూసినవాళ్ళు లేరు. ఆసుపత్రిలో లేడు, జైల్లో లేడు, చివరికి శవాల్లోనూ లేడు.

గండయ్య వాళ్ళ ఇంట్లో ఒక ఆచారం ఉంది. గీసేవాడు పోతే ఆ కబురు చెట్టుకు చెప్పాలి. అతని మోకును చెట్టుకు చుట్టి ముడేస్తే చెప్పినట్టే. అప్పటిదాకా చెట్టు అతని కోసమే ఎదురుచూస్తుంది, ఇంకొకరి కత్తికి చుక్క రాల్చదు. చెప్పాక మాత్రం మనిషి పోయినట్టే. నిజంగా తిరిగొచ్చినా దయ్యమనుకుని ఇంట్లోకి రానివ్వరు.

"మోకు కట్టు వదినా, చెట్టు ఎండిపోతున్నది" అని మరిది నెత్తిమీద కూర్చున్నాడు. అతనికి కావలసింది చెట్టు. కురుమమ్మ వినలేదు. రోజూ వచ్చి, మోకు పడి ఉన్న చోటే ఉందో లేదో చూసి పోయేది. నుదుటి బొట్టు మునుపటికంటే పెద్దదిగా పెట్టుకునేది.

"ఎవ్వరు ముట్టొద్దమ్మా. ఆయనే వచ్చి తీసుకుంటడు" అనేది అన్నపూర్ణతో. ఎందుకు ముట్టకూడదో చెప్పలేదు. అలాంటి మాట నోటితో ఎవరంటారు?

వానలు పడ్డాయి. జ్వరమొచ్చి కురుమమ్మ కొన్నాళ్ళు రాలేదు. మోకు బురదలో నాని, ఒక కొసన చెద పట్టింది. అన్నపూర్ణ మనసు ఊరుకోలేదు. గొడవల్లో ఎవరో "ఆంధ్రోళ్ళ ఇల్లు" అంటూ రాళ్ళు పట్టుకొస్తే గేటుకు అడ్డంగా నిలబడింది గండయ్యే. ఆ మనిషి వస్తువు మట్టిలో కలిసిపోతుంటే చూస్తూ కూర్చోవాలా? ముట్టొద్దంది నిజమే, కానీ ఎక్కడికీ తీసుకుపోవడం లేదు కదా అనుకుంది. మోకును కడిగి, ఆరబెట్టి, తడి తగలనంత ఎత్తులో ఆ చెట్టుకే చుట్టి గట్టిగా ముడేసింది. "మీ గండయ్య వచ్చేదాకా నువ్వే జాగ్రత్తగా చూసుకో" అని చెట్టుతో నవ్వుతూ అంది కూడా. మంచితనానికి కళ్ళుండవు మరి.

జ్వరం తగ్గి కురుమమ్మ వచ్చింది. చెట్టును చూసి అక్కడే కూలబడింది.

"ఎవరు కట్టిన్రమ్మా?"

"నేనే కురుమమ్మా. తడిసి పాడైపోతోందని..."

కురుమమ్మ అరవలేదు. ఆచారం సంగతి అప్పుడు చెప్పింది, మెల్లగా.  అన్నపూర్ణ పరుగెత్తి, గోళ్ళు విరిగేలా ముడి పీకి, మోకును తెచ్చి పాత చోటే పడేసింది.

"తెలియక చేశాను తల్లీ! ఇది లెక్కలోకి రాదు. నేను మీ ఇంటి మనిషిని కాదుగా!"

"ఇప్పితే చెట్టు మరుస్తదా అమ్మా? నేను కడ్తలేనని ఆయనే నీతోని కట్టిపిచ్చిండు."

కొంగుతో బొట్టు తుడిచేసుకుంది. ఇన్నాళ్ళూ గండయ్య బతికి ఉన్నది ఆ మోకు పడి ఉన్న జానెడు మట్టిలోనే. ఇప్పుడు అక్కడా లేడు.

వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగింది.

"అమ్మా, ఒకవేళ వస్తే... నేను తలుపు తియ్యొద్దు. మా వాడల ఎవ్వరు తియ్యరు. మీకు గీ పట్టింపు లేదు గద, నువ్వు తియ్యి. ఇంత బువ్వ పెట్టు. నన్ను మాత్రం పిల్వకు."

అన్నపూర్ణ తలూపింది.